ఎవరూ చదవలేని కాగితం

మీ ఫోన్లలో ఒకరికొకరు పంపుకునే మాటల దగ్గర చిన్న తాళం బొమ్మ కనిపిస్తుంది. దాన్ని మీరు పట్టించుకోరు. పట్టించుకోవలసిన అవసరం రాకపోవడం మీ అదృష్టం. అటువంటి తాళమే ఒకటి తొంభైల చివర్లో వనపర్తిలోని ఒక చిన్న ధర్మాసుపత్రికి ఫ్లాపీలో వచ్చింది. దాన్ని వేయడం, తీయడం, మొరాయిస్తే బతిమాలడం నా ఉద్యోగమైంది. టైపిస్టుగా చేరి కంప్యూటర్ ఆపరేటర్‌గా రిటైరైన నా సర్వీసులో గర్వంగా చెప్పుకునే రోజు ఒకటుందంటే, అది ఆ తాళం తెరుచుకోని రోజే.

ముందు మా ఆసుపత్రి సంగతి చెప్పాలి. నడిపేది ఒక డాక్టరమ్మ. నాగర్‌కర్నూల్ ఆమె. మాట కరుకు. రోగి మంచం పక్కన కూర్చుంటే మాత్రం వేరే మనిషి. లాబొరేటరీలో అచ్చంపేట నుంచి వచ్చిన టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు. ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం. చేయి తగిలినట్టు కూడా తెలియకుండా సూది గుచ్చేవాడు. కంప్యూటర్‌ని మాత్రం అత్తగారిని చూసినట్టు దూరం నుంచే చూసేవాడు. నేను గద్వాల నేతగాళ్ల ఇంటి ఆడపిల్లను, ఆ ఊరికి ఉద్యోగానికి వచ్చినదాన్ని.

అప్పట్లో పాలమూరు పల్లెల నుంచి బొంబాయికి పనులకు పోయినవాళ్లలో కొందరు జ్వరాలతో, చిక్కి శల్యమై తిరిగొచ్చేవారు. ఎయిడ్స్ అనే మాట ఊళ్లలో ఎవరూ పలికేవారు కాదు, 'బొంబాయి రోగం' అనేవారు. మా దగ్గర చేసే రక్తపరీక్షతో అనుమానం మాత్రమే తెలిసేది. ఖాయం చేయాలంటే రక్తం ఐసు పెట్టిన ఫ్లాస్కులో హైదరాబాదుకు బస్సులో పంపాలి. అక్కడి లాబొరేటరీలో డాక్టరమ్మ క్లాస్‌మేట్, ఆమె కూడా డాక్టరే, పనిచేసేది. ఫలితం ఆమె చెప్పాలి.

మొదట్లో ఆ ఫలితాలు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు ఫోన్‌లో వచ్చేవి. బూత్ నడిపే ఆయన మంచివాడే. ఒకరోజు డాక్టరమ్మ కాన్పు కేసులో ఉండగా హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. లైను గరగరలాడుతోంది. పొరపాటు రాసుకోకూడదని ఆయన పేరు, ఊరు, ఫలితం గట్టిగా చదివి సరిచూసుకున్నాడు. బూత్ బయట వంతు కోసం నిలబడ్డవాళ్లంతా విన్నారు. ఆ పేరు ఒక లారీ క్లీనర్‌ది. సాయంత్రానికి వాళ్ల నాన్న హోటల్లో చాయ్ తాగేవాళ్లు లేరు. కొద్దిరోజులకు హోటల్ మూసి ఆ కుటుంబం ఊరు విడిచిపోయింది. ఎక్కడికి పోయారో, ఆ పిల్లవాడికి మందులు ఎవరిచ్చారో మాకు తెలియలేదు.

తరవాత ఎవరో దాత ఒక పాత కంప్యూటర్, దాన్ని ఫోన్ లైనుకు కలిపే మోడెమ్ ఇచ్చారు. ఆసుపత్రికి ఎస్టీడీతో సహా సొంత ఫోన్ వచ్చింది. ఇకనుంచి ఫలితాలు ఈ-మెయిల్‌లో వస్తాయన్నారు. డాక్టరమ్మ వెంటనే అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది.

"నడుమ ఎవరన్న చదువుతరా?"

చదవగలరని చెప్పినవాడు హైదరాబాదు డాక్టరు తమ్ముడు. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. ఒక ఆదివారం ఫ్లాపీతో బస్సు దిగాడు. అందులో ఉన్న ప్రోగ్రాం ఉచితం. దాన్ని ఎలా రాశారో ఆ రాత మొత్తం దాంతోపాటే ఉంది, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు.

డాక్టరమ్మకు అది నచ్చలేదు. "లోపలిదంత అందరికి కనవడితే ఇంక రహస్యమేంది?"

"తాళం ఎట్ల చేసిన్రో లోకానికంత తెల్వనీయండి మేడం. తాళంల దొంగదారి ఏం లేదని అప్పుడే నమ్మకం గద. మీ చెవి మీ దగ్గరుంటె చాలు" అన్నాడతను.

అతను చెప్పింది ఇంతే. మనకు రెండు తాళంచెవులుంటాయి. ఒకటి తాళం వేయడానికే పనికొస్తుంది. దాన్ని ఎవరికైనా ఇవ్వొచ్చు. రెండోది తీయడానికి. అది మన దగ్గరే ఉండాలి. హైదరాబాదు డాక్టరు మన మొదటి చెవితో తాళమేసి పంపితే, ఆ తరవాత ఆమె కూడా దాన్ని తీయలేదు.

భాయ్ ఇది విని నోరు తెరిచాడు. "ఏసినోడే తియ్యలేడా? గిదేం తాళం చెల్లె! మా ఇంట్ల గిసుంటిది పెడితె నేను రోజు బయటనే పండాలె."

తీసే చెవి ఉన్న ఫ్లాపీని మందుల అల్మారాలో పెట్టి తాళం వేశాం. అది పనిచేయాలంటే ఒక రహస్యవాక్యం కూడా టైపు చేయాలి. ఆ వాక్యాన్ని డాక్టరమ్మ తెలుగులో అనుకుని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది. అక్కడ మొదలయ్యాయి తిప్పలు. ఒకరోజు 'ఊ'కు రెండు ఓలు కొట్టేది, మరుసటి రోజు ఒక యూ కొట్టేది. వాక్యం తప్పని ప్రోగ్రాం చెప్పగానే కంప్యూటర్ వైపు గుడ్లురిమి చూసేది. ఆ వాక్యం గోడ క్యాలెండర్ మీద రాస్తానని బయల్దేరితే నేను పెన్ను లాక్కున్నాను. చివరికి ప్రతి అక్షరం ఇద్దరం బట్టీపట్టాం. ఒకటి రెండు చిన్న ఉత్తరాలతో మొదలుపెట్టి కొన్ని నెలలు సాఫీగా నడిపాం. పేర్లు ఉండేవి కావు, నంబర్లే. ఆ నంబరు ఎవరిదో డాక్టరమ్మకు, భాయ్‌కు, నాకు తప్ప తెలియదు.

అప్పుడొచ్చింది ఆమె.

వీపనగండ్ల వైపు ఒక పల్లె. ఆమె భర్త బొంబాయిలో బిల్డింగు పనికి పోయి జ్వరంతో అక్కడే చనిపోయాడు. ఆమె నిండు నెలలకు దగ్గరపడ్డ గర్భిణి. వెంట అత్తగారు వచ్చింది. ఊళ్లో ఆమెను బోరింగు దగ్గరికి రానివ్వడం లేదట. దీనంతటి వెనక ఉన్నవాడు ఆమె బావగారు, చనిపోయినవాడి అన్న. తమ్ముడి రోగం ఈమెకూ ఉందనీ, ఇంట్లో ఉంటే పిల్లలందరికీ అంటుకుంటుందనీ ఊరంతా తిరిగి చెప్పాడు. పెద్దమనుషులను కూర్చోబెట్టి, దవాఖాన కాయితం తెచ్చి చూపించాలి, లేదా ఊరు విడిచిపోవాలి అని తీర్పు చెప్పించాడు.

"గీ రోగం గట్ల అంటుకోదు. ముట్టుకుంటె రాదు, నీళ్లు తాగితె రాదు" అని డాక్టరమ్మ అత్తగారికి ఓపిగ్గా చెప్పింది. ముసలామె విన్నది. కోడలు మాత్రం ఒకటే అడిగింది.

"నాకు జెప్తరా? ముందుగాల నాకు జెప్తరా అమ్మా?"

"నీకే జెప్త. నీకు తప్ప ఎవ్వరికి జెప్ప" అంది డాక్టరమ్మ.

రక్తం హైదరాబాదుకు పోయింది. ఫలితం రావలసిన రోజే పెద్దమనుషులు ఊళ్లో బడి అరుగు మీద సాయంత్రం కూర్చుంటామన్నారు. పొద్దున్నే కోడలు, అత్త బస్సులో వచ్చి మా వరండాలో కూర్చున్నారు. వాళ్ల వెనకే మరో బస్సులో బావగారు దిగాడు.

నేను మోడెమ్ కలిపాను. దాని కూతలు ఆగాక మెయిల్ కనిపించింది. ఈసారి పెద్ద ఉత్తరం. చాలామంది ఫలితాలు ఒకేసారి వచ్చాయి. హైదరాబాదు డాక్టరు ఆ రోజే ఢిల్లీ రైలెక్కుతూ, తాను లేనన్ని రోజులకు కలిపి పంపేసింది. ఉత్తరాన్ని మా కంప్యూటర్‌లోకి దింపుకుని, అల్మారా తీయించి, ఫ్లాపీ పెట్టి, తీయమని ప్రోగ్రాంకు చెప్పాను.

తీయలేదు. రహస్యవాక్యం అడగను కూడా అడగలేదు. ఉత్తరం చెడిపోయి ఉందని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

మళ్లీ చేశాను. మళ్లీ అదే ముక్క.

"ఫ్లాపీకి బూజు వట్టిందేమో చెల్లె. వానాకాలం గద" అన్నాడు భాయ్. నాకూ ఆ భయమే పట్టుకుంది. తీసే చెవి పోయిందంటే అన్నీ పోయినట్టే. హైదరాబాదుకు ఫోన్ చేస్తే లాబొరేటరీలో ఎత్తినవాళ్లు మేడం స్టేషన్‌కు పోయిందన్నారు. ఆమె తమ్ముడి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. లాబొరేటరీ గుమాస్తాను రిజిస్టరు చూసి ఫోన్‌లో చెప్పమనొచ్చు. ఆ మాట నేను అన్నాను కూడా. డాక్టరమ్మ నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

"మల్ల ఫోన్లనా? నంబరే అయినా గట్టిగ అరిచి అడగాలె, ఆమె బావ వరండాలనే ఉన్నడు. ఆ హోటలాయన మొఖం నేనింక మర్వలే" అంది.

సరే, ఒక్కొక్కటే చూద్దామనుకున్నాను. చెవి చెడిందో, ఉత్తరం చెడిందో ముందు తేలాలి. పోయినసారి వచ్చి మామూలుగా తెరుచుకున్న ఉత్తరం ఒకటి దాచి ఉంది. అదే ఫ్లాపీతో దాన్ని తీయమన్నాను. వాక్యం అడిగింది. డాక్టరమ్మ కంగారులో ఊకు మళ్లీ రెండు ఓలు కొట్టింది. తప్పంది. నేను కొట్టాను. పాత ఉత్తరం చక్కగా విచ్చుకుంది. చెవి బాగానే ఉంది! ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం.

అంటే ఉత్తరమే చెడింది. వాన పడితే లైనులో గరగర వచ్చి అక్షరాలు చెదరడం మామూలే. మళ్లీ మోడెమ్ కలిపి మళ్లీ దింపాను. మళ్లీ చెడిందనే చెప్పింది. రెండుసార్లు దించిన ఉత్తరాలనూ ప్రింటర్ మీద అచ్చుతీశాను. గరగర వల్ల చెడితే ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట చెడాలి. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయి. లైను తప్పు కాదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని బావగారు లోపలికొచ్చాడు.

"పొద్దటిసంది కూసొవెడ్తున్నరు. రిపోర్టు అచ్చిందా లేదా? ఏది జూపియ్యుండ్రి!"

బల్ల మీద ఉన్న రెండు ప్రింట్లలో ఒకటి లాక్కున్నాడు. కళ్లు చిట్లించి చూశాడు. పై నుంచి కింది దాకా అక్షరాలు, అంకెలు, గీతలు. అందులో అతనికి ఒక్క మాటా చిక్కలేదు. తిరగేసి వెనక చూశాడు. భాయ్ ముందు పెట్టాడు.

"సదువు."

భాయ్ కాగితం కళ్లదాకా తెచ్చుకుని శ్రద్ధగా చూశాడు. "నాకు ఉర్దూ అస్తది, తెలుగు అస్తది, జరంత ఇంగ్లీషు అస్తది. గిది మూడిట్ల ఏది గాదు భాయ్‌సాబ్."

"నాతోని ఆటలాడ్తున్నరా? ఏ భాష గిది?"

డాక్టరమ్మ కుర్చీలోంచి లేవలేదు. "హైదరాబాద్ కెల్లి అచ్చింది గదే. నమ్మకపోతె నీ కండ్ల ముంగట ప్రింటు తీస్త. ఎవ్వరితోని సదివిపిచ్చుకుంటవో సదివిపిచ్చుకో. తీస్కపో."

అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బస్టాండు దగ్గర కంప్యూటర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉందనీ, అక్కడి సారు చదువుతాడనీ చెప్పి విసురుగా వెళ్లిపోయాడు.

అతను పోయాక డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఆయనకు తెల్వలే. మంచిదే. మనకన్న తెల్వాలె గద!"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మిగిలిన ప్రింటు పక్కన పాత ఉత్తరం ప్రింటు పరిచాం. ఇద్దరం వాటిమీదికి వంగాం. పాతది చిన్నది. అన్ని వరసలూ ఒకే పొడుగు, కొసలు కత్తిరించినట్టు సమానంగా ఉన్నాయి. కొత్తది రెండు పేజీలు. నేను అక్షరాల వెంట వేలు పోనిస్తున్నాను. డాక్టరమ్మ అక్షరాలు చూడలేదు, ఎక్స్‌రే చూసినట్టు మొత్తం కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"గీ ఒక్క వరస గింత పొట్టిగ ఎందుకున్నదే?"

చూశాను. నిజమే. పేజీ నడుమ ఒక వరస మిగతావాటిలో మూడోవంతు కూడా లేదు. దాన్ని చదివాను. అది రహస్యలిపి కానే కాదు. మామూలు ఇంగ్లీషు. 'ఇంకా ఉంది, మీట నొక్కండి' అని.

సంగతేమిటంటే, ఉత్తరం పెద్దదైతే తెర నిండగానే అవతలి కంప్యూటర్ ఆగి, మిగతాది చూడాలంటే మీట నొక్కమంటుంది. నొక్కగానే ఆ మాట తెర మీంచి పోతుంది. నేనూ అలవాటుగా నొక్కేశాను. తెరమీద వచ్చే ప్రతి అక్షరాన్నీ పట్టుకుని దాచుకునే మా కంప్యూటర్ మాత్రం ఆ మాటను కూడా ఉత్తరంలో భాగమనుకుని మధ్యలో కలిపేసుకుంది. ఇన్నాళ్లూ వచ్చినవి ఒక తెరలో పట్టే చిన్న ఉత్తరాలు, కాబట్టి ఈ బాధ ఎప్పుడూ ఎదురు కాలేదు. కిందకు చూస్తే అలాంటి పొట్టి వరస మరొకటి కూడా దొరికింది.

ఆ రెండు వరసలూ చెరిపేశాను. చెరిపేటప్పుడు పక్క అక్షరం పోకుండా వేళ్లను అదుపులో పెట్టుకోవడం ఎంత కష్టమైందో! తీయమన్నాను. ప్రోగ్రాం రహస్యవాక్యం అడిగింది.

"నువ్వే కొట్టు" అంది డాక్టరమ్మ, చేతులు వెనక్కి కట్టుకుని.

కొట్టాను. తెర ఒక్క క్షణం నల్లగా ఉండి, తరవాత తెల్లని మామూలు ఇంగ్లీషు వాక్యాలు పైనుంచి కిందికి జారుతూ వచ్చాయి. భాయ్ "యా అల్లా!" అని చప్పట్లు కొట్టాడు. జన్మలో మొదటిసారి వచ్చి కంప్యూటర్ నెత్తిన చేయి వేసి నిమిరాడు.

డాక్టరమ్మ ఆమె ఫలితం చదువుకుని, ఆమెను ఒక్కదాన్నే తన గదిలోకి పిలిచి తలుపేసుకుంది. చాలాసేపు మాట్లాడుకున్నారు. తలుపు తెరుచుకున్నాక ఆమె బయటికొచ్చి నన్ను మంచినీళ్లు అడిగి గ్లాసెడూ తాగింది. ఆ ముఖాన్ని చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేరు.

"ఊరికి పోదాం పాండ్రి" అంది. "పంచాయతికి నేనొస్తనని జెప్పిన. పోకపోతె ఎట్ల?"

డాక్టరమ్మ ఆసుపత్రి జీపు తీయించింది. నన్నూ, భాయ్‌నీ కూడా ఎక్కమంది.

బడి అరుగు మీద పెద్దమనుషులు, కింద ఊరు. పొద్దు ఇంకా ఉంది. బావగారు మాకన్నా ముందే చేరి మడతలు పడ్డ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. నడుమ కూర్చున్న పెద్దాయన అడిగాడు.

"ఏమయ్యా, సదివిపిచ్చినవా?"

"ఇన్‌స్టిట్యూట్ల సారుకు చూపిచ్చిన. ఆయన మిషిన్ల ఏసి చూసిండు. ఇది దేశంల ఎవ్వరితోని గాదన్నడు" అని గొణిగాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

పెద్దాయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మీకైతె తెలుసు గదమ్మా. మీరే జెప్పుండ్రి."

డాక్టరమ్మ అరుగు ఎక్కలేదు. జనం మధ్యనే నిలబడింది.

"తెలుసు. చెప్పుమంటె చెప్త. గని ఒక్క మాట ఇనుండ్రి. ఈ ఊరికెల్లి బొంబాయికి పోయినోళ్లు మస్తుమంది ఉన్నరు. రేపు ఎవరికన్న జరమొచ్చి నా తానికొస్తె రక్తం తీస్త. వాళ్ల కాయితం గూడ గిట్లనే వస్తది. ఇయ్యాల ఈమెది మీకు చెప్పిననుకో, రేపు వాళ్ల కాయితం గూడ ఇదే అరుగు మీద నిలవడి చదవాలె. ఒకరికొక నాయం, ఇంకొకరికి ఇంకో నాయం నాకు తెల్వదు. మరి చదవాల్నా?"

పెద్దాయన కొడుకులిద్దరూ బొంబాయిలోనే ఉన్నారని నాకు తరవాత తెలిసింది. ఆయన భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్న మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండా నేల చూపులు చూశారు.

"వద్దమ్మా" అన్నాడు పెద్దాయన చివరికి. "ఎవ్వరిది సదవొద్దు. ఆమెది గూడ వద్దు."

బావగారు ఏదో అనబోయాడు. పొద్దుటి నుంచీ నోరు విప్పని ముసలామె, అతన్ని కన్నతల్లి, లేచి నిలబడింది.

"నువ్వు మాట్లాడకు బిడ్డా. ఒక కొడుకు పోయిండు. వాని పిలగాడు దీని కడుపుల ఉన్నడు. ఇది నా ఇంట్లనే ఉంటది, నా బిందె నీళ్లే తాగుతది. ఎవ్వరికన్న భయమైతె వాళ్లే పోండ్రి."

కోడలి చేయి పట్టుకుని బోరింగు దగ్గరికి నడిచింది. తానే కొట్టింది. డాక్టరమ్మ వెళ్లి ఆ కోడలి దోసిట్లోంచి నీళ్లు తాగింది. తరవాత భాయ్ తాగాడు, నేను తాగాను. ఆ తరవాత బిందె పట్టుకుని ఒకామె వచ్చి వరసలో నిలబడింది, మామూలుగా నీళ్ల కోసం వచ్చినట్టే.

జీపులో వస్తూ భాయ్ పాట పాడాడు. గొంతు బాగాలేదు. ఎవరూ ఆపమనలేదు.

నిజానికి మా ఆసుపత్రికి అతిపెద్ద ప్రచారం చేసినవాడు ఆ బావగారే. 'ఇన్‌స్టిట్యూట్ సారుకు గూడ చదవరాలేదంట' అనే మాట అతని నోటి నుంచే పల్లెలన్నీ తిరిగింది. అప్పటిదాకా పరీక్షకు జంకినవాళ్లు కడుపునొప్పి అని వచ్చి, మెల్లిగా చెవి దగ్గర అడిగేవారు. "కాయితం ఎవ్వరికి సదవరాకుంట వస్తదంట గద, నిజమేనా?" నిజమేనని చెప్పి భాయ్ మీసం దువ్వుకునేవాడు. వాళ్లలో ఎంతోమందికి మందులు సకాలంలో అందాయి. తరవాత నాగర్‌కర్నూల్‌లో ఒక ఆసుపత్రి, గద్వాలలో ఒకటి అదే ప్రోగ్రాం పెట్టుకున్నాయి. నేర్పడానికి నన్నే పిలిచారు. సంచిలో ఫ్లాపీలు వేసుకుని బస్సెక్కేదాన్ని. మొట్టమొదటి పాఠం, పొట్టి వరస ఉందేమో చూడండి అని.

ఆమెకు కూతురు మా ఆసుపత్రిలోనే పుట్టింది.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు. ఈ సంగతి చెప్పిన ప్రతిచోటా చిన్నవాళ్లు అదే అడుగుతారు. ఇంతకీ ఆమె ఫలితం ఏమిటి? చెప్పను. రిటైరైనంత మాత్రాన ఆ మాట నాది కాదు.

ఆ మధ్య కూతురి పెళ్లికి చీరలు కొనడానికి ఆమె గద్వాలకు వచ్చి, అడుగుతూ అడుగుతూ మా ఇంటికి వచ్చింది. జుట్టు నెరిసింది. నవ్వు మాత్రం నేనెప్పుడూ చూడనిది. చాయ్ తాగుతూ నెమ్మదిగా అడిగింది.

"అక్కా, గా కాయితంల ఏమున్నదో నువ్వెవ్వరికన్న జెప్పినవా?"

"ఎవ్వరికి జెప్పలే."

"నేను జెప్పిన" అంది. "మొన్ననే, నా బిడ్డకు. పక్కన కూసొవెట్టుకొని, నా నోటితోని నేనే జెప్పిన."